పునాది తవ్వే ముందు పక్కింటి బోరు నీళ్లు పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

విషయం: నిర్మాణ స్థలాల్లో నేల, భూగర్భ జలాలు కలుషితం కాకుండా ముందస్తు పరీక్షను తప్పనిసరి చేయవలసిన అవసరం.

అయ్యా,

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో 31 సంవత్సరాల పాటు ప్రైవేటు భవన నిర్మాణాల్లో సైట్ సూపర్‌వైజరుగా పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో పెన్నా ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక కాలనీలో స్థిరపడినవాడిని. శివార్లలో లేస్తున్న అపార్ట్‌మెంట్ల గురించి మీ జిల్లా పేజీల్లో వచ్చే వార్తలను శ్రద్ధగా చదువుతుంటాను. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ విడవాల్సిన ఖాళీ) వదలలేదనీ, రోడ్డు మీద కంకర పోశారనీ, అనుమతి లేని అంతస్తు వేశారనీ వాటిలో ఉంటుంది. అవన్నీ కంటికి కనబడే తప్పులు. పునాది గుంతలోంచి నేలలోకి, నేలలోంచి ఇరుగుపొరుగు బోర్లలోకి దిగేదాని గురించి మాత్రం ఎక్కడా ఒక వాక్యం కనబడలేదు. దాని గురించి నాలుగు ముక్కలు రాద్దామని మొదలుపెట్టిన ఈ ఉత్తరం కొంచెం పొడవైంది, మన్నించండి.

రెండేళ్ల కిందటి వేసవిలో మా ఇంటికి తూర్పున ఉన్న 100 అంకణాల (7,200 చదరపు అడుగుల) స్థలంలో సెల్లారుతో కూడిన ఐదంతస్తుల భవనానికి పని మొదలైంది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆ స్థలంలో లారీల మెకానిక్ షెడ్డు నడిచింది. ఇంజిన్ ఆయిలు మార్చేది అక్కడే, డీజిలుతో విడిభాగాలు కడిగేది అక్కడే, పాత బ్యాటరీలు గుట్టగా పడేసేది అక్కడే. ప్రొక్లెయిన్ నాలుగు అడుగులు దిగేసరికి నల్లటి జిడ్డు మట్టి బయటపడింది. కిరసనాయిలు లాంటి వాసన మా వంటగది దాకా వచ్చింది. ఆ మట్టిని రెండు రాత్రుల్లో ట్రాక్టర్లకెత్తి తరలించారు. ఎక్కడికని అడిగితే, ఊరి బయట ఎవరిదో పల్లపు స్థలానికి మెరక తోలుతున్నామని డ్రైవరు చెప్పాడు. ఇంకాస్త లోతుకు పోయాక నీరు ఊరడంతో గుంత చుట్టూ వెల్ పాయింట్లు (నేలలోని నీటిని తోడే సన్నని గొట్టాలు) దింపి, ఐదు వారాల పాటు రాత్రింబవళ్లు మోటార్లు నడిపారు. మూడో వారంలో మా బోరు నీళ్లు బకెట్లో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే, పైన రంగురంగుల సన్నని తెర తేలడం మొదలైంది.

బిల్డరును కలిశాను. మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఒక్క ప్రశ్న అడిగారు: “మీ నీళ్లు అంతకుముందు బాగుండేవని రుజువేముంది సార్?” మూడు దశాబ్దాలు పునాదుల మధ్యే తిరిగిన నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. బోరు వేయించిన నాటినుంచి ఒక్కసారి కూడా నీటిని పరీక్ష చేయించలేదు. సిగ్గుపడి, మరుసటి రోజే రెండు సీసాల నీళ్లు పట్టుకెళ్లి పరీక్షకు ఇచ్చాను. పీహెచ్, కరిగిన లవణాలు, కాఠిన్యం, క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయనీ, నీరు తాగడానికి యోగ్యమనీ కాగితం వచ్చింది. నోటి దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన వచ్చే నీటికి వచ్చిన యోగ్యతా పత్రం అది! తప్పు పరీక్ష చేసినవారిది కాదు. నేను అడిగినది మామూలు తాగునీటి పరీక్ష; పెట్రోలియం నూనెలు, బెంజీన్ వంటివి అందులోకి రావు, వాటిని విడిగా పేరు చెప్పి అడగాలి. ఈ సంగతి తెలియక మోసపోయేవారు నాతో ఆగిపోరు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను పనిచేసిన సైట్లలో సెంట్రింగు పలకలకు కాంక్రీటు అంటుకోకుండా పూసేందుకు మెకానిక్ షెడ్లనుంచి కాలిన ఇంజిన్ ఆయిలు డబ్బాల్లో కొని తెప్పించినవాడిని నేనే. మంచి షట్టరింగు ఆయిలు కంటే అది చవక, ఏ మేస్త్రీ వద్దనడు. పూసేటప్పుడు సగం పలకకు, సగం నేలకు. అరిగిన లోహాల పొడి, కాలినప్పుడు పుట్టే హానికర రసాయనాలు ఆ నూనెలో ఉంటాయని, వాడేసిన నూనెను అధీకృత శుద్ధి కేంద్రాలకే అమ్మాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయని నాకు తెలిసింది ఉద్యోగం మానేశాకే. కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ తొట్టి కడిగిన నీళ్లను పక్క ఖాళీ స్థలంలోకి వదిలించినదీ నేనే. ఆ నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది, అంటే దాదాపు సున్నపు తేటతో సమానం. అవి పారినచోట ఏళ్ల తరబడి గడ్డి మొలవకపోవడం చూసి కూడా, సిమెంటు గట్టిపడిందిలే అనుకున్నాం తప్ప నీళ్లు ఎటు పోయాయని ఆలోచించలేదు.

మా వైపు నేల సంగతి తెలిసినవారికి ఇది ఎందుకు చిన్న విషయం కాదో వెంటనే అర్థమవుతుంది. పెన్నా పొడవునా, నెల్లూరునుంచి సముద్రం దాకా, చాలాచోట్ల ఇసుక పాలు ఎక్కువ. నీరు పైపైనే ఉంటుంది. ఇసుకలో నీరు ఎంత సులువుగా దిగుతుందో, నీటిలో కలిసినదీ అంతే సులువుగా దిగుతుంది. డీజిలు నీటికంటే తేలిక కాబట్టి భూగర్భ జలమట్టం దాకా దిగి, దాని మీద పొరలా తేలి, మట్టం ఎక్కితే ఎక్కుతూ, దిగితే దిగుతూ మధ్యలోని ఇసుకనంతా పూస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరునుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎక్కువ. వేసవిలో నీరు కిందకు దిగినప్పుడు చూసుకుని పునాది తవ్వుతారు. కాబట్టి మేలో పడిన నూనె ప్రభావం నవంబరులో నీరు పైకి వచ్చినప్పుడు బయటపడవచ్చు. అప్పటికి బిల్డరు మూడో అంతస్తు స్లాబు వేస్తుంటాడు, పాత సంగతి ఎవరికీ గుర్తుండదు. పెట్రోలులో ఉండే బెంజీన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. లెక్క వేస్తే ఒక్క గ్రాము బెంజీన్ 1,00,000 లీటర్ల నీటిని ఆ పరిమితి దాకా తీసుకుపోగలదు. ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు వంద. పాత పెట్రోలు బంకు స్థలాలను కొని కట్టేవారు ఈ లెక్కను ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

వెల్ పాయింట్లతో నీరు తోడటం మీద నా అభ్యంతరం వేరు. గుంత ఆరితేనే కాంక్రీటు వేయగలరు, అది నాకు తెలుసు; తోడవద్దని అనను. ఒకేచోట వారాల తరబడి తోడినప్పుడు ఆ చుట్టూ జలమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది, అంతకుముందు సహజంగా ఏటి వైపో సముద్రం వైపో సాగే నీరు దారి మార్చుకుని ఆ గుంత వైపు నడుస్తుంది. దారిలో ఏముంటే దాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మా వీధిలో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంది. మెకానిక్ షెడ్డు అడుగున నూనె ఉంది. గుంతకు, ఆ నూనెకు, సెప్టిక్ ట్యాంకులకు మధ్యలో ఉన్న బోరు వాటన్నిటికీ దారి అవుతుంది. తీరానికి దగ్గరైన ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో, ప్రకాశం వైపు కొత్తపట్నం, సింగరాయకొండ ప్రాంతాల్లో ఇంకో ప్రమాదం ఉంది. తీరప్రాంతంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని పాఠ్యపుస్తకాల లెక్క. పైన ఒక మీటరు తగ్గిస్తే కింద ఉప్పునీరు ఎంత పైకి ఎక్కుతుందో ఆ లెక్కే చెబుతుంది. రొయ్యల చెరువులు పూడ్చి ప్లాట్లు వేసినచోట పైనుంచి దిగే ఉప్పు దానికి అదనం.

రేగడి నేల అయితే భయం లేదని ఒంగోలు మిత్రులు అంటుంటారు. బంకమన్ను నీటిని త్వరగా దిగనివ్వదన్నది నిజమే, కానీ సగమే నిజం. ఏప్రిల్, మే నెలల్లో రేగడి నోరు తెరిచినప్పుడు ఆ నెర్రెల్లో చేయి పెట్టి చూసినవారికి తెలుస్తుంది, పైన ఒలికినది ఏదైనా కొన్ని అడుగుల లోతుకు నిమిషాల్లో దిగిపోతుంది. పైగా రేగడిలో మామూలు పునాది నిలవదని పునాది స్తంభాల కోసం లోతుగా పైల్ గుంతలు వేస్తారు. పైన ఉన్న బంకమన్ను పొర కింది నీటికి మూత అయితే, ఆ మూతకు మన చేతులతో మనమే బెజ్జాలు పెడుతున్నామన్నమాట. పాత బోర్ల సంగతీ అంతే. కొత్త భవనం కట్టేచోట ఎండిపోయిన బోరు ఉంటే పైపు కోసి, మీద రాయి పెట్టి, మట్టి కప్పేస్తారు. అడుగునుంచి పైదాకా బంకమన్నుతో, పైన సిమెంటుతో పూడ్చకపోతే, అది మురికిని నేరుగా పాతాళానికి పంపే గొట్టమే.

చెదల మందు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పని నాణ్యతకు గుర్తుగా బిల్డర్లు బోర్డు పెట్టి మరీ చెప్పుకుంటారు. నిర్మాణానికి ముందు పునాది మట్టికి చెదలు పట్టకుండా చేసే శుద్ధికి భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 రెండో భాగం ప్రకారం క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఒక శాతం ద్రావణాన్ని చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున పోయాలి. వెయ్యి చదరపు అడుగుల నేలకు దాదాపు 465 లీటర్ల ద్రావణం, అంటే అంగట్లో దొరికే ఇరవై శాతం మందు ఇరవై మూడు లీటర్లు. ఈ మందు మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, సాధారణంగా దూరం పోదు, అనవసరంగా బెదిరించను. అయితే మట్టిని పట్టుకోవడానికి మట్టి ఉండాలి. బంకపాలు లేని ఇసుకలో, నీరు ఊరే గుంతలో, బోరుకు నాలుగు అడుగుల దూరంలో, వాన పడబోతుండగా పోస్తే పట్టుకునేది ఏముంటుంది? తాగునీటి బావులు, ఊటలు ఈ మందుతో కలుషితం కాకుండా చూడాలని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది. 2025లో, త్వరగా నశించని విష రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందంలోని దేశాలు క్లోర్‌పైరిఫాస్‌ను కొన్ని మినహాయింపులతో నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చాయి. మన సైట్లలో దీన్ని గ్లౌజులు కూడా లేకుండా పూలమొక్కలకు నీళ్లు పోసినట్టు పోస్తున్న కుర్రవాళ్లను చూస్తే జాలి వేస్తుంది.

మెరక తోలే మట్టి ఎక్కడినుంచి వస్తోందన్నది వీటన్నిటిలోకీ పెద్ద ప్రశ్న. పల్లపు ప్లాటు కొన్నవారు ముందు గ్రావెల్ కోసం వెతుకుతారు, ధర చూసి బెదిరి, చవకగా దొరికినదానితో సర్దుకుంటారు: పాత ఇల్లు కూల్చిన శిథిలాలు, ఎక్కడో తవ్విన మట్టి, విద్యుత్ కేంద్రాల బూడిద. బూడిద చెడ్డదని అనను. సిమెంటులో, ఇటుకల్లో కలిసి గట్టిపడితే అది మంచి సరుకు. వదులుగా పోసి, పైన అర అడుగు మట్టి కప్పి, పక్కనే తాగునీటి బోరు వేయడం మాత్రం తెలిసి చేసే పొరపాటు. మా తూర్పు స్థలంలోని నల్లమట్టి ఎవరి పునాది కిందికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇంటివారికీ తెలియదు. అలాంటి మట్టి బయటపడినప్పుడు మందపాటి పట్ట మీద విడిగా పోసి, వాన తగలకుండా కప్పి, పరీక్ష ఫలితం వచ్చేదాకా గేటు దాటనివ్వకూడదు. ఇందుకు ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, రెండు టార్పాలిన్లు చాలు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,15,000 చదరపు అడుగులు, ఆపైన నిర్మించే భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మా పక్క స్థలం 100 అంకణాలు. అంకణానికి 72 చదరపు అడుగుల చొప్పున 7,200. అంగుళం వదలకుండా ఐదంతస్తులు కట్టినా 36,000 దాటదు. మన పట్టణాల్లో లేచే భవనాల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే. ఒక్కొక్కటి చిన్నదే, కానీ ఒకే వీధిలో ఆరు లేచినప్పుడు ఆరింటికీ కలిపి లెక్క చూసేవారు లేరు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షను కలుషిత పదార్థాన్ని వాగులోకిగానీ, బావిలోకిగానీ, నేల మీదికిగానీ తెలిసి వదలడాన్ని నిషేధించింది. ఆ “తెలిసి” అన్న మాట దగ్గరే కథ అంతా ఆగిపోతుంది. పరీక్ష చేయనివాడికి ఏదీ తెలియదు, తెలియనివాడిది తప్పు కాదు. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థగానీ జిల్లా యంత్రాంగంగానీ అనుమానాస్పద స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలని, బాధ్యులు తేలితే శుభ్రం చేసే ఖర్చు వారే భరించాలని వాటిలో ఉంది. మంచి నిబంధనలే. మెకానిక్ షెడ్లు, పాత బంకులు, రసాయనాల గోదాములు ఏ సర్వే నంబర్లలో ఉండేవో మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సుల రిజిస్టర్లలోనే దొరుకుతుంది కాబట్టి, మొదటి జాబితా తయారు చేయడానికి పెద్ద కసరత్తు కూడా అవసరం లేదు.

నేను కోరేది ఒక్కటే. సెల్లారుగానీ, పైల్ పునాదిగానీ, వెల్ పాయింట్లతో నీరు తోడటంగానీ ఉన్న ప్రతి నిర్మాణానికీ, విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా, ప్లాను అనుమతికి జతచేసే కాగితాల్లో రెండు చేర్చాలి: గత ముప్పై ఏళ్లలో ఆ స్థలం దేనికి వాడారో యజమాని సంతకంతో ఒక ప్రకటన; స్థలంలోని మట్టి, చుట్టుపక్కల రెండు మూడు బోర్ల నీటి పరీక్షా నివేదిక. గతంలో షెడ్డో బంకో ఉన్నచోట ఆ పరీక్షలో పెట్రోలియం నూనెలు, సీసం తప్పక ఉండాలి. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ఉంది. పాత బ్యాటరీలు పడేసినచోట ఇది చూడకపోతే ఇంకెక్కడ చూస్తాం? అవే బోర్లను నీరు తోడుతున్నప్పుడు ఒకసారి, ఈశాన్య వానల తరువాత ఒకసారి మళ్లీ పరీక్షించాలి. నిర్మించే వైశాల్యంలో కొంత భాగాన్ని తనఖా పెట్టించుకుని, పని పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో (భవనాన్ని వాడుకోవడానికిచ్చే అనుమతి పత్రంతో) విడుదల చేసే పద్ధతి మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. చివరి నీటి నివేదికను ఆ విడుదలకు ముడిపెడితే కొత్త కార్యాలయం, కొత్త సిబ్బంది ఏమీ అవసరం లేదు.

ఇది బిల్డర్లకు వ్యతిరేకంగా రాస్తున్నది కాదని కూడా మనవి చేస్తున్నాను. మొదటి నివేదిక బిల్డరునూ కాపాడుతుంది. పక్కింటి నీళ్లు పని మొదలవకముందే చెడి ఉంటే ఆ నింద అతని మీద పడదు. స్థలం కొనేముందే మట్టి తవ్వి చూసుకుంటే, నల్లమట్టి ఖర్చును అమ్మినవాడి ధరలోంచే తగ్గించుకోవచ్చు. ఆ తరువాత సైటులో చేయవలసినవి అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఒక పూటలో అమర్చగలడు. జనరేటరు కింద, డీజిలు డ్రమ్ముల కింద గట్టు కట్టిన సిమెంటు తొట్టి ఉండాలి, అది అన్నిటిలోకీ పెద్ద డ్రమ్ములో పట్టేదానికంటే పదో వంతు ఎక్కువ పట్టాలి. రెడీమిక్స్ లారీ కడగడానికి పట్ట పరిచిన గుంత ఒకటి, ఒలికిన నూనె మీద వెంటనే చల్లడానికి రంపపు పొట్టు రెండు బస్తాలు ఉంచుకోవాలి. డ్రమ్ములను సెల్లారులో మాత్రం పెట్టకూడదు. 2021 నవంబరులో పెన్నా పొంగి లోతట్టు కాలనీలు మునిగినప్పుడు ఏవేవి తేలి ఎక్కడెక్కడికి పోయాయో చూసినవాళ్లం మనమే కదా. ఇంకుడు గుంతను పార్కింగ్ కడిగిన నీళ్లు పడేచోట తవ్వకూడదు. వాన నీటి కోసం పెట్టిన నిబంధన నూనె నీటిని భూమిలోకి దింపే దారిగా మారడం నేను రెండుచోట్ల చూశాను.

మా ఇంట్లో ఇప్పుడు తాగడానికి క్యాన్ నీళ్లే. బోరు నీటిని మరుగుదొడ్డికి, ఇల్లు కడగడానికి వాడుతున్నాం. వాసన మునుపటంత లేదు. మా పడమటి స్థలానికి ఈమధ్య ముగ్గు వేసి కొలతలు తీశారు. ఈసారి నేను ఆలస్యం చేయలేదు. మా బోరు నీటిని, మరో ఇద్దరు ఇరుగుపొరుగువారి బోర్ల నీటిని పెట్రోలియం నూనెలతో సహా పరీక్ష చేయించి, నివేదికల నకళ్లను ప్లాను దరఖాస్తుతో పాటు ఉంచమని సంబంధిత కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి ఉద్యోగి ఓపికగా చదివి, దరఖాస్తులో ఇలాంటి కాగితం నమోదు చేసే గడి లేదని చెప్పి, నా నకలు వెనుక పక్క తేదీతో స్టాంపు వేసి తిరిగి ఇచ్చారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ సూపర్‌వైజరు,
నెల్లూరు.